పాత ఆఫీసు వాళ్లని ఇంటికే పిలవండి

కలిసి పనిచేసి విడిపోయినవాళ్లు కొన్నేళ్లకి మళ్లీ కలుద్దాం అనుకోగానే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు వెంటనే పెట్టే మెసేజ్ ఒకటుంది. ఏదైనా హోటల్లో హాల్ బుక్ చేసేద్దాం, తలా ఇంత వేసుకుందాం, ఎవరికీ శ్రమ ఉండదు అని. దాని కింద వరసపెట్టి బొటనవేళ్లు పడతాయి. వినడానికి న్యాయంగానే ఉంటుంది, నిజంగానే ఎవరికీ శ్రమ ఉండదు కూడా. కానీ నేను హాల్లో పెట్టినవాటికి వెళ్లాను, మా ఇంట్లోనూ పెట్టాను, రెండూ చూశాక గట్టిగా చెప్తున్నా, మనలో ఎవరో ఒకరి ఇల్లు కుదిరితే చాలు, హాల్ జోలికి పోవద్దు. ఇల్లు చిన్నదైనా పర్లేదు, కుర్చీలు చాలకపోతే కింద కూర్చుంటారు.

హాల్లో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక స్టేజి ఉంటుంది, స్టేజి ఉంది కాబట్టి మైకు ఉంటుంది, మైకు ఉంది కాబట్టి ఎవరో ఒకరు మాట్లాడాలి, ఎవరు మాట్లాడతారంటే అప్పట్లో పెద్ద పోస్టులో ఉన్నవాళ్లే మాట్లాడతారు. ముందు వరస సోఫాలు వాళ్లకి, వెనక కుర్చీలు మిగతావాళ్లకి. ఉద్యోగం మానేసి ఎన్నేళ్లయినా, రిటైరైపోయినా, ఆఖరికి ఆ కంపెనీయే మూతపడిపోయినా సరే, ఆ పూట కోసం పాత హోదాలన్నీ మళ్లీ లేచి వాటి వాటి చోట్లలో కూర్చుంటాయి. ప్రసంగాలవుతాయి, గ్రూప్ ఫోటో అవుతుంది, భోజనాలవుతాయి, ఇంక హాల్ ఖాళీ చెయ్యాలండీ అని అక్కడి మనిషి వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. ఏళ్ల తరబడి మన ఎదురు టేబుల్లో కూర్చున్న మనిషితో మనం మాట్లాడింది మాత్రం చెయ్యి కడుక్కునే చోట రెండు ముక్కలు.

పైగా ఆ తలా ఇంత అనేది ఉంది చూశారా, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. అందరికీ అది ఒకే మొత్తం, కానీ అందరి జేబూ ఒకటి కాదు. ఒకాయనకి అది లెక్కలోకి రాని డబ్బు, ఇంకొకాయన ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నాడు, ఆయన డబ్బుల్లేవు అని గ్రూపులో రాస్తాడా? రాయడు. ఆ రోజు నేను ఊళ్లో ఉండనండీ అని రాస్తాడు. మనం అయ్యో అని ఒక ఏడుపు బొమ్మ పెట్టి ముందుకెళ్లిపోతాం. మనం ఎవర్ని చూడాలని ఇదంతా పెట్టుకున్నామో ఆ మనుషుల్లో కొందరు మొదటి మెసేజ్‌తోనే రాలిపోతారు. ఇంటికి రండి అన్నప్పుడు ఈ లెక్కే ఉండదు, మనిషి వస్తే చాలు.

ఇంట్లో ఇంకొకటి జరుగుతుంది. ఇంట్లో ఎవరి సీటూ ఎవరిదీ కాదు. ఎవరు ముందొస్తే వాళ్లు సోఫాలో కూర్చుంటారు, తర్వాత వచ్చినాయన, ఆయన ఎవరైనా కానివ్వండి, పిల్లల స్టడీ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కోవాల్సిందే. ఇంటికి పిలవడంలో నాకు అన్నిటికన్నా విలువగా అనిపించేది ఇదే.

ఒకటి చెప్తా. మా పాత చోట డిస్పాచ్‌లో ఒకాయన ఉండేవారు, పార్సిళ్ల మీద అడ్రసులు, గేట్ పాసులు అన్నీ ఆయన చేత్తోనే రాసేవారు, కంప్యూటర్లు వచ్చాక కూడా కొన్నాళ్లు ఆయన రాతే నడిచింది. మీటింగుల్లో ఆయన ఎప్పుడూ గోడ పక్కన నిలబడేవారే తప్ప కూర్చోగా నేను చూళ్లేదు. మా ఇంటికొచ్చినప్పుడు కూడా తలుపు పక్కనున్న కుర్చీలో, అదీ అంచు మీద కూర్చుని, హెల్మెట్ ఒళ్లో పెట్టుకునే ఉన్నారు, ఏ నిమిషంలోనైనా లేచి వెళ్లిపోయేలాగా. అకౌంట్స్‌లో చేసిన మేడమ్ ఒకావిడ పర్సులోంచి మడతలు పడ్డ ఒక పాత గేట్ పాస్ తీసింది, ఎందుకో దాచుకుందట, పసుపు కాగితం, అంచులు నలిగిపోయి ఉన్నాయి, సిరా మాత్రం అలాగే ఉంది. అది చేతులు మారుతూ మారుతూ అప్పటి మా పెద్ద మేనేజర్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చూసి, ఈ గుండ్రటి అక్షరాలు ఎవరివా అని నేను అన్నేళ్లూ అనుకునేవాణ్ణి, మీవేనా ఇవి, అని లేచి వెళ్లి ఆయన పక్కన కింద కూర్చున్నారు. డిస్పాచ్ ఆయనేమో కాగితాన్ని ఇటూ అటూ తిప్పి, ఆ పెన్ను పాళీ సరిగ్గా ఉండేది కాదండీ, ఒత్తి రాయాల్సొచ్చేది, అన్నారు. హెల్మెట్ ఎప్పుడు కింద పెట్టారో తెలీదు, ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ ఆ సీల్ వేసే మెషిన్ గురించి, రాత్రి లోడింగ్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. స్టేజి, మైకు ఉన్న చోట ఇది జరిగేది కాదు అని నా నమ్మకం. ఎందుకంటే అక్కడ ఆ మేనేజర్ గారు ముందు వరస వదిలి రాలేరు, రావాలని ఉన్నా చుట్టూ ఉన్నవాళ్లు రానివ్వరు.

అసలు ఆఫీసు స్నేహాల గురించి ఒక విషయం ఒప్పుకోవాలి. వాటిని మనం ఎంచుకోలేదు, మన సీటు ఎంచుకుంది. అమెరికాలో ఎమ్ఐటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ అని ఒకాయన ఇంజనీర్లు ఎవరు ఎవరితో ఎంత మాట్లాడుకుంటున్నారో లెక్కగట్టి 1977లో రాశారు, టేబుళ్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు వేగంగా తగ్గిపోతాయి, 50 మీటర్లు దాటాక దాదాపు ఉండవు అని. ఒకే బిల్డింగులో 50 మీటర్లకే అలా అయితే, ఉద్యోగం మారి, ఊరు మారి, దేశం మారి వెళ్లిపోయినవాళ్ల సంగతేంటి? అందుకే, పోయాక ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు అని ఎవరి మీదా నిష్ఠూరాలు పెట్టుకోవక్కర్లేదు. ఎవరూ మనల్ని వదిలేయలేదు, మనల్ని పక్కపక్కన కూర్చోబెట్టిన టేబుళ్లు పోయాయి, అంతే. ఇప్పుడు ఆ పని ఎవరో ఒకరు కావాలని చెయ్యాలి, దానికి చోటు కావాలి, ఆ చోటు ఇల్లయితే బాగుంటుంది.

మేం రోజూ ఎనిమిది గంటలు కలిసే ఉన్నాం కదా, మళ్లీ ఇళ్లకి పిలుచుకోవడం దేనికి అనేవాళ్లు కూడా ఉన్నారు. కన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో స్నేహానికి ఎన్ని గంటలు పడుతుందో చూశారు, మామూలు పరిచయం కాస్త స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనుకోడానికి దాదాపు 90, దగ్గరి స్నేహానికి 200 పైన. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది గంటల లెక్క కాదు. పని చేస్తూ కలిసి గడిపిన గంటలు, పనిలేకుండా కూర్చుని కబుర్లాడుకున్న గంటలంత దగ్గర చెయ్యవు అని కూడా అందులో తేలింది. అంటే ఏళ్ల తరబడి ఒకే గదిలో ఉండి కూడా మనం చాలామందిని నిజంగా తెలుసుకోలేదు. ఒకాయనకి పాత రేడియోలు బాగుచెయ్యడం వచ్చని, ఒకావిడ రాత్రి పూట మళ్లీ డిగ్రీ చదివి పాసైందని నాకు ఉద్యోగంలో ఉన్నంత కాలం తెలీదు, మా ఇంటి బాల్కనీలో తెలిసింది.

ఇంక ఇంటికి పిలవడం మీద వచ్చే అసలైన అభ్యంతరం దగ్గరికొద్దాం, దాన్ని నేను చిన్నగా చూడను. శ్రమంతా ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది అంటారు. నిజం. మగాయన గ్రూపులో గర్వంగా మా ఇంట్లోనే అండీ అని పెట్టేసి, ఆ తర్వాత ఇంట్లో చెప్పి, ఆ రోజు తాను ముందు గదిలో నవ్వుతూ కూర్చుని ఆవిడ పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ నిలబడితే, దానికన్నా హాలే నయం, ఇది నేను మొహమాటం లేకుండా ఒప్పుకుంటా. కాబట్టి మొదటి షరతు, ఇంట్లోవాళ్లని అడగాలి, చెప్పడం కాదు అడగడం, వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. రెండోది, వంట ఇంట్లో చెయ్యొద్దు. తెప్పించండి, లేదా తలా ఒకటి తెమ్మనండి, తేలేనివాళ్లని ఎందుకు తేలేదని అడగొద్దు. వచ్చినవాళ్లు మన వంట తినడానికి రాలేదు, తిన్నది ఏంటో వారానికి ఎవరికీ గుర్తుండదు. మూడోది, గిన్నెలు. ఇక్కడ చాలామందికి మొహమాటం, వచ్చినవాళ్లతో గిన్నెలు కడిగిస్తామా అని. కడిగించండి! సింకు దగ్గర ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకరు కడిగి ఒకరు తుడుస్తుంటే వచ్చే మాటలు సోఫాల్లో ఎదురెదురుగా కూర్చుంటే రావు, చేతులకి పని ఉన్నప్పుడు నోరు తేలిగ్గా విప్పుకుంటుంది. కాకపోతే ఒకటి చూసుకోండి, వచ్చినవాళ్లలో మేడమ్‌లే లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు, అలవాటుగా, ఎవరూ అడక్కుండానే. వాళ్లని కూర్చోమనండి. అప్పట్లో ప్రతి ఫేర్‌వెల్‌కీ ప్లేట్లు సర్దింది, కప్పులు లెక్కపెట్టింది వాళ్లే, ఈసారి సార్లు లేవాలి.

పిలవడం ఎలా అంటే, ఫోన్ చేసి. గ్రూపులో తేదీ, లొకేషన్ పెడితే అది ప్రకటన అవుతుంది, పిలుపు అవ్వదు. అది నాకు కాదులే, నేనక్కడ ఆర్నెల్లే చేశాను, వాళ్లకి నేను గుర్తుండను అనుకునేవాళ్లు గ్రూపులో మాట్లాడకుండా ఉండిపోతారు. ఫోన్ చెయ్యడానికి మనకీ బిడియమే, ఇన్నేళ్ల తర్వాత ఏమనుకుంటారో, ఏదో పని ఉండి చేశాడనుకుంటారేమో అని. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన పెగ్గీ లియూ, ఇంకొందరు కలిసి 2022లో సరిగ్గా దీని మీదే పరిశోధన ప్రచురించారు, మనం పలకరిస్తే అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో మనం ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాం, అనుకోకుండా వచ్చిన పలకరింపయితే ఆ సంతోషం ఇంకా ఎక్కువ అని. నాకైతే ఇది చదవకముందే అనుభవంలో ఉన్న సంగతి, ఫోన్ ఎత్తి పేరు చెప్పగానే అవతల ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత వచ్చే గొంతు ఉంటుంది, అది విన్నాక ఇంక లిస్టులో తర్వాతి పేరుకి చెయ్యి దానంతటదే వెళ్తుంది.

లిస్టు కూడా గ్రూపులో ఉన్న నంబర్లు చూసి వెయ్యొద్దు. కళ్లు మూసుకుని గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టండి. గేటు దగ్గర సెక్యూరిటీ ఎవరు, లోపలికెళ్లగానే రిసెప్షన్‌లో ఎవరు, ఫ్లోర్లు తుడిచేది ఎవరు, టీ తెచ్చేది ఎవరు, జిరాక్స్ మెషిన్ చెడిపోతే ఎవర్ని పిలిచేవాళ్లం, అలా సీటు సీటుకీ నడుచుకుంటూ వెళ్తే కాంట్రాక్టు మీద చేసినవాళ్లు, కొన్ని నెలలే ఉన్నవాళ్లు, ఏ గ్రూపులోనూ ఎవరూ చేర్చని వాళ్లు గుర్తొస్తారు. జీతం ఇంకో ఏజెన్సీ ఇచ్చిందనో, ఐడీ కార్డు రంగు వేరనో వాళ్లు మన సహోద్యోగులు కాకుండా పోరు. ఉద్యోగంలోంచి తీసేసినవాళ్లని, గొడవపడి వెళ్లిపోయినవాళ్లని కూడా పిలవాలి అంటాను. వాళ్లు రాకపోవచ్చు, రాకపోయినా పిలిచారు అన్నది వాళ్ల దగ్గర ఉండిపోతుంది, వెళ్లిన తీరు వల్ల ఆ ఏళ్లన్నీ చెడిపోయాయి అనుకుంటూ బతికేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

మరి బాస్? మామూలు బాస్ అయితే తప్పకుండా పిలవండి, అందరిలో ఒకరిగా, ముఖ్య అతిథిగా కాదు. కానీ మనుషుల్ని అందరి ముందూ నిలబెట్టి అవమానించిన మనిషి ఒకరుంటారు చూడండి, అలాంటివాళ్ల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు, పిలవొద్దు. పాతవన్నీ మర్చిపోవాలి, వయసైపోయింది అంటారు కొందరు, మర్చిపోవాలో వద్దో చెప్పాల్సింది దెబ్బ తిన్నవాళ్లు, పక్కన కూర్చుని చూసిన మనం కాదు. వాళ్లని ముందు విడిగా అడగండి, ఆయన వస్తే మీరు వస్తారా అని. వాళ్ల మాటే ఆఖరు మాట. మన ఇల్లు, ఎవరు లోపలికి రావాలో మనం నిర్ణయించుకోగలం, ఆఫీసులో అది మన చేతుల్లో ఉండేది కాదు.

ఇంట్లో సర్దుబాట్ల గురించి రెండు మూడు విషయాలే చెప్తా. టీవీ ఆపెయ్యండి, పాటలు కూడా వద్దు. ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు గమనించి 1911లో రాసిన సంగతి ఒకటుంది, చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకి తెలీకుండానే గొంతు పెంచుతాడు. ఒకరు పెంచితే పక్కవాళ్లు ఇంకా పెంచాలి, చూస్తుండగానే గది మొత్తం అరుపులైపోతుంది, అప్పుడు ముందుగా నష్టపోయేది మనలో వయసు మీద పడ్డవాళ్లు. వినికిడి తగ్గినవాళ్లకి నిశ్శబ్దంగా ఉన్న చోట ఒక్కరితో మాట్లాడటం ఫర్వాలేదు, పది గొంతుల మధ్య ఒక గొంతు పట్టుకోవడమే కష్టం. వాళ్లు మళ్లీ మళ్లీ ఏంటీ ఏంటీ అని అడగలేక నవ్వుతూ తలూపడం మొదలుపెడతారు, ఎవరైనా అలా ఊరికే నవ్వుతూ తలూపుతుంటే చూసుకోండి, వాళ్లకి ఏమీ వినపడట్లేదు. ఒకరిని తోడిచ్చి లోపలి గదిలో కూర్చోబెట్టండి, అక్కడికి ఒక్కొక్కరుగా వెళ్లి మాట్లాడతారు.

కుర్చీలు గోడల వెంబడి వరసగా వెయ్యొద్దు, అలా వేస్తే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకరు మాట్లాడితే అందరూ వినాల్సిన పరిస్థితి వస్తుంది, మళ్లీ మీటింగే. బ్రిటన్ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్, ఆయనతో పాటు ఇంకో ఇద్దరు 1995లో జనం మామూలుగా గుంపులుగా మాట్లాడుకునేటప్పుడు గమనించి చెప్పారు, ఒక మాటల గుంపులో నలుగురు దాటితే అది నిలవదు, రెండుగా విడిపోతుంది అని. నాలుగు నాలుగు కుర్చీలు విడివిడిగా, ఒకటి బాల్కనీలో, ఒకటి బెడ్‌రూమ్‌లో, ఒకటి మెట్ల దగ్గర వేసెయ్యండి, మనుషులు వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. కిటికీలు అందరూ రాకముందే తెరవండి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, 20 మంది చేరితే గదిలో 2 కిలోవాట్ల హీటరు పెట్టినట్టే. చాలా ఫంక్షన్లలో గంటన్నరకే జనం చిరాకు పడి లేవడానికి ఇది కూడా కారణం అని నా అనుమానం.

కార్యక్రమం ఏమీ పెట్టొద్దు అంటాను కానీ ఒక్కటి వద్దు అని ప్రత్యేకంగా చెప్పాలి, ఒక్కొక్కరూ లేచి ఇప్పుడేం చేస్తున్నారో చెప్పండి అనే రౌండు. అడిగేవాళ్లకి అది మర్యాదే, కానీ ఆ వృత్తం తిరిగి తిరిగి తన దగ్గరికి వస్తుంటే ఉద్యోగం లేని మనిషికి, వ్యాపారం పెట్టి నష్టపోయిన మనిషికి, ఇంట్లో మంచాన పడ్డవాళ్లని చూసుకోవడానికి అన్నీ మానేసిన మనిషికి ఆ రెండు నిమిషాలూ ఎలా ఉంటాయో ఆలోచించండి. పాత కొలీగ్స్ ద్వారా కొత్త ఉద్యోగాలు దొరుకుతాయి అన్నది నిజమే, అమెరికా సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే రాశారు, రోజూ కలిసే దగ్గరివాళ్ల కన్నా దూరపు పరిచయాల నుంచే మనకి తెలీని సమాచారం ఎక్కువ వస్తుంది అని. దొరకనివ్వండి, మంచిదే, కానీ అది ఇద్దరు పక్కకెళ్లి మాట్లాడుకోవాల్సిన విషయం, అందరి ముందూ చేతులు కట్టుకుని చెప్పేది కాదు. ఇంట్లో పక్కకెళ్లడానికి చోటుంటుంది, హాల్లో ఉండదు. ఫోటోల సంగతీ అంతే, తియ్యండి, కానీ బయట పెట్టేముందు అందర్నీ అడగండి, ఆఫీసులో సెలవు పెట్టకుండా వచ్చినవాళ్లుంటారు, పాత చోట పనిచేశామని కొత్త చోట ఇంకా చెప్పుకోనివాళ్లుంటారు.

తోడుగా వచ్చిన భార్యలు, భర్తలు మన కథల్లో లేనివాళ్లు. గంటసేపు మనం మన పాత సర్వర్ రూమ్ గురించి నవ్వుకుంటుంటే వాళ్లు ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి. వాళ్లని రమ్మనాలా వద్దా అంటే రమ్మనాలనే అంటాను, కానీ వాళ్లని అడగండి, అప్పట్లో ఈయన ఇంటికొచ్చి మా గురించి ఏం చెప్పేవారు అని. ఆఫీసు అంటే మనకి తెలిసింది సగమే, మిగతా సగం వాళ్ల దగ్గరుంటుంది, ఆడిట్ రోజుల్లో అర్ధరాత్రి దాకా ఎదురుచూసింది వాళ్లు, మనం నవ్వుతూ చెప్పుకునే కొన్ని రాత్రుల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో అప్పుడు తెలుస్తుంది.

పోయినవాళ్ల పేర్లు కూడా తలుచుకోవాలి, అదీ మొదట్లోనే. చివర్లో పెడితే అందరూ బరువుగా వెళ్తారు, అసలు ఎత్తకపోతే ఆ పేరు అందరి గొంతుల్లోనూ ఇరుక్కుని ఉంటుంది, ఎవరో ఒకరు తెలీక, ఆయన రాలేదేంటి అని అడుగుతారు కూడా. వచ్చి కూర్చున్న కాసేపటికే పేర్లు చెప్పేసి, ఒక్కొక్కరి గురించి ఎవరికి గుర్తొచ్చింది వాళ్లు చెప్తే, ఆ తర్వాత నవ్వుకోవడానికి ఎవరికీ సంకోచం ఉండదు.

ఎన్నింటికి అయిపోతుందో కూడా పిలిచేటప్పుడే చెప్పండి, దూరం నుంచి వచ్చేవాళ్లకి తిరిగెళ్లే బండి చూసుకోవాలి కదా, ఇంట్లోవాళ్లకీ ఎప్పటికి తీరిక దొరుకుతుందో తెలుస్తుంది. అందరూ ఎలాగూ గేటు దగ్గర ఇంకో అరగంట నిలబడతారు, అది కలుపుకునే టైము చెప్పండి. మర్నాడు మాత్రం ఇంకొన్ని ఫోన్లు మిగిలుంటాయి, రాలేకపోయినవాళ్లకి. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఎలా ఉన్నారో, మీ గురించి ఎవరేం అడిగారో చెప్పండి, తర్వాతిది ఎవరింట్లో అనుకుంటున్నారో కూడా చెప్పండి. ఆ రోజు ఊళ్లో ఉండను అన్నాయనకి ముందు చెయ్యండి.